గిద్ద, సోల, లీటరు: కుందేటి లోయలో ద్రవముల కొలత



నేడు పాలు, నూనె మొదలగు ద్రవములన్నియు మన యూళ్ళకు లీటర్ల లెక్కన వచ్చుచున్నవి. మందుసీసాపై మిల్లీలీటర్లు, పురుగుమందు డబ్బాపై మిల్లీలీటర్లు, వంటల పుస్తకమున సైతము మిల్లీలీటర్లే. కాని యింటి గడప దాటినతోడనే యీ లీటరు మాటు మణగును. ఇల్లాలు పాలను గ్లాసుతో కొలుచును. నూనెను గరిటెతో వేయును. ఎసటికి నీళ్ళు చెంబుతో పోయును. బియ్యమును పాత సేరుతోనో, పావుతోనో కొలిచి చేటలో పోయును. అంగడికి ఒక భాష, వంటయింటికి వేఱొక భాష. ఈ రెంటి నడుమ దుబాసిపని చేయు లెక్క యేదియో, అది మన సీమకు ఎట్లు వచ్చినదో తెలుపుటయే యీ ప్రసంగము నుద్దేశము.

లీటర్లను సోలలుగా మార్చుట కష్టమైన గణితము గాదు. భాగహారము వచ్చిన బాలుడును చేయగలడు. కాని, "ఏ సోల? ఎవరి యింటి సోల?" అని యా బాలుడు తిరిగి యడిగినచో మనము సమాధానము చెప్పవలసియుండును. కొలతల చరిత్ర యంతయు ఈ చిన్న ప్రశ్నలోనే యిమిడియున్నది. లెక్క తప్పుటచేత నష్టపోయిన వారికంటె, పాత్ర తెలియకపోవుటచేత నష్టపోయిన వారే లోకమున నెక్కువ.

ముందుగా మన పాత కొలతలను స్మరింతము. రెండు అరగిద్దలు ఒక గిద్ద. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. ఇరువది తూములు ఒక పుట్టి. దీనిని పెద్దబాలశిక్షలో వల్లెవేసిన పెద్దలు మీలో కొందఱైన నుందురు. వీనిలో గిద్ద, సోల, తవ్వ, మానిక యనునవి పాలకు, నేతికి, నూనెకు, ధాన్యమునకు గూడ చెల్లెడివి. కుంచము, తూము, పుట్టి ప్రాయికముగ ధాన్యపు కొలతలు. మన రాయలసీమ యిండ్లలో సోల, తవ్వలకంటె సేరు, అచ్చేరు, పావు అను పేళ్ళు తఱచుగ వినబడుచుండును. పేళ్ళు వేఱయినను పద్ధతి యొక్కటియే: సగము, సగములో సగము.

ఈ పద్ధతి ఊరక పుట్టినది గాదు. చెంబెడు పాలను రెండు గిన్నెలలోనికి సమముగ వంచుటకు ఏ సాధనమును అక్కఱలేదు, కన్ను చాలును. ఒక్కొక్క గిన్నెను మఱల రెండేసిగా వంచినచో నాలుగు పాళ్ళగును. అదే చెంబును పది సమభాగములు చేయుమన్నచో, ఎంతటి నేర్పఱియైన ఇల్లాలును చేతులెత్తును. సగము కంటికి తెలియును, పదవవంతు తెలియదు. కావున వంటయిల్లు ఎల్లకాలము సగములను, పావులను నమ్ముకొన్నది. లెక్కపుస్తకమునకు మాత్రము పదులే సుఖము. గిద్దకును లీటరునకును గల వైరమంతయు, ఈ చేతికిని ఆ పుస్తకమునకును గల వైరమే.

మన భాషయందు మఱియొక సౌకర్యము గలదు. పాత్ర పేరునకు 'ఎడు' అను ప్రత్యయము చేర్చినంతనే ఆ పాత్ర కొలత యగును. గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు, పుట్టెడు. అంతటితో నాగక చెంబెడు, ముంతెడు, కడివెడు, బిందెడు, గరిటెడు. పాత్రయే లేనిచో చేయి యున్నది: పిడికెడు, దోసెడు, చేరెడు, చిటికెడు, పుడిసెడు. పుడిసెడు నీళ్ళనగా పుడిసిలి పట్టిన యరచేతిలో నిలుచునన్ని నీళ్ళు. పుట్టెడు దుఃఖమని దుఃఖమునకును కొలత చెప్పిన జాతి మనది. ఇంత సులభముగ కొలతలు పుట్టు భాషలో కొలతలకు కఱవు లేదు; కఱవు వచ్చినది వాని నిలుకడకే.

శాస్త్రములందును ఈ నాలుగింటి వరుసయే గానవచ్చును. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో నాలుగు కుడవములు ఒక ప్రస్థము, నాలుగు ప్రస్థములు ఒక ఆఢకము, నాలుగు ఆఢకములు ఒక ద్రోణము, పదునాఱు ద్రోణములు ఒక ఖారి. మన సోల, మానిక, కుంచము, తూములును ఒకదానికొకటి నాలుగేసి రెట్లే గదా. అంతకంటె గమనింపదగిన దింకొకటి గలదు. నిడివి, వెడల్పు, లోతు మూడును ఒక్కొక్క మూర గల పాత్రయే మాగధ ఖారి యని భాస్కరుడు నిర్వచించెను. అనగా పొడవు కొలతనుండియే లోపలి పరిమాణపు కొలతను పుట్టించెను. మూర సుమారు 45 సెంటీమీటర్లని యెంచినచో ఖారి సుమారు 91 లీటర్లు, కుడవము సుమారు 89 మిల్లీలీటర్లు అగును. లీటరును ఇట్లే పుట్టినదని ముందు చూడగలము. కావున పరదేశపు కొలతయైనను దాని మూలసూత్రము మనకు క్రొత్తది గాదు. భాస్కరునికి పూర్వుడైన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించుటచేత ఇట్టి లెక్కలు తెలుగు పలుకుబడిలోను చిరకాలమునుండి యున్నవి.

కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలకు, కొలతలకు ప్రత్యేకముగ ఒక యధ్యాయము గలదు. పౌతవాధ్యక్షుడను అధికారి కొలపాత్రలను చేయించి, నాలుగు నెలల కొకసారి వానిని సరిచూచి ముద్రవేయింపవలెనని యందు విధింపబడినది. ద్రవముల విషయమున ఆ గ్రంథకర్త చూపు మిక్కిలి నిశితమైనది. నూనె, నేయి పాత్రకు అంటుకొని కొంత నిలిచిపోవును. కావున కొలిచినదానిలో ఏబదియవ వంతు అదనముగ కొనువానికి పోయవలెననెను. కాచిన నేయి ఉబ్బును. కావున నేతికి ముప్పదిరెండవ వంతు, నూనెకు అఱువదినాల్గవ వంతు పరిహారముగ నీయవలెననెను. నేటికిని నూనె కొలిచినపుడు పాత్రను బోర్లించి, చివరి బొట్టు జాఱు వఱకు నిలువని వర్తకుని మనము గొణుగుకొందుము గదా. ఆ గొణుగుడునకు రెండువేల యేండ్ల నాటి శాస్త్రప్రమాణ మున్నదని తెలిసికొనుడు.

కాని యదే యధ్యాయమున వేఱొక సంగతి గలదు. ద్రోణము ఒక్కటి గాదు, నాలుగు. రాజభాండాగారమునకు ధాన్యము కొలిచి తీసికొను ద్రోణము 200 పలములు. బజారున వ్యవహరించు ద్రోణము 187½ పలములు. జీతబత్తెములకు కొలిచి యిచ్చు ద్రోణము 175 పలములు. అంతఃపురమునకు కొలుచునది 162½ పలములు. పేరు ఒక్కటే, పాత్రలు నాలుగు. పుచ్చుకొనునపుడు పెద్దది, ఇచ్చునపుడు చిన్నది. రాజు దీనిని దాచక శాస్త్రములోనే వ్రాయించెను గనుక నిందింప బనిలేదు. కాని యీ యుపాయమును వ్రాతలేకయే అనుసరించిన వడ్డివర్తకులు పల్లెలలో లేకపోలేదు. నాగువిత్తనములు అప్పిచ్చునపుడు ఒక కుంచము, కళ్ళమున రాబట్టునపుడు ఒక కుంచము. వడ్డి ఎంతయో కాగితమున వ్రాయుదురు. కుంచము ఏదియో వ్రాయరు. చదువురాని రైతు ఈ రెండవ వడ్డిని ఎన్నడును లెక్కించుకొనలేదు.

దేవాలయ శాసనములలోను ఈ కొలతలు కలవు. ద్రాక్షారామము మొదలగు చోట్ల అఖండదీపములకై గొఱ్ఱెలను దానమిచ్చి, వాని పాడినుండి నిత్యము మానెడు నేయి పోయవలెనని భక్తులు శాసనములు వ్రాయించిరి. రాతిపై 'మానెడు' అను మాట నిలిచినది. ఆ మానిక లోతెంతయో రాయి చెప్పదు. ఒక చిన్న మంద పాడినుండి దినదినమును పోయదగిన మానెడు నేడు మన మెఱిగిన మానెడంత పెద్దది గాదని మాత్రము ఊహింపవచ్చును. పేరు నిలుచును, పాత్ర మాఱును. ఇదియే పాత కొలతలయందలి మూలవ్యాధి.

ఈ వ్యాధి మన కుందేటి లోయలో ఎట్లు ముదిరియుండునో చూతము. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి ధారపోసినపుడు కోయిలకుంట్ల కంపెనీ పాలనలోనికి వచ్చి, కడప కలెక్టరు క్రింద జేరెను. దాని పొరుగుననే యున్న నంద్యాల, సిరివెళ్ళ తాలూకాలు కందనవోలు నవాబు క్రింద నిలిచెను. ఆళ్ళగడ్డ ఈ సిరివెళ్ళ తాలూకాలోనిదే. 1839లో నవాబు గులాం రసూల్‌ఖానును పదభ్రష్టుని చేసిన పిమ్మట ఆ తాలూకాలును కంపెనీ వశమయ్యెను. 1858లో కర్నూలు జిల్లా యేర్పడినపుడే ఇవి యన్నియు ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చినవి. అనగా ఒకే యేటి నీరు త్రాగు పొరుగు తాలూకాలు దాదాపు నలువది యేండ్లు ఇద్దఱు దొరల క్రింద నుండెను. అంతకుముందో, పాలెగాండ్ర కాలము. ఇట్టి చోట ఒక్క సేరును అన్ని సంతలలో నిలుపగల యధికారి యెవ్వడు?

సేరు అను మాట యొక్కటే ఎన్ని వేషములు వేసినదో వినుడు. మదరాసు రాజధానిలో కచ్చాసేరు తూకమున 24 తులములు. అట్టి యయిదు సేర్లు ఒక వీశె, అనగా 120 తులములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. పక్కాసేరు మాత్రము 80 తులములు. తులము 11.66 గ్రాములు గనుక కచ్చాసేరు సుమారు 280 గ్రాములు, పక్కాసేరు సుమారు 933 గ్రాములు. ఒకటి వేఱొకదానికి మూడు రెట్లకు మించినది! ఇవి తూకపు సేర్లు. ఇవి గాక కొలిచెడి సేరు వేఱు. పొరుగు మైసూరు సీమలో తొమ్మిది విధముల ధాన్యములను సమముగ గలిపి, అందుండి 84 రూపాయల యెత్తు తూచి, అది పట్టు పాత్రను కొలసేరుగ నేర్పఱచెడివారు. ఒక్కొక్క గింజ ఒక్కొక్క తీరుగ పాత్రలో కుదురుకొనును గనుక, తొమ్మిదింటిని గలిపి సగటు తీసిన ఆ పెద్దల తెలివి మెచ్చదగినది. కాని సేరెడు నేయి తెమ్మనినచో తూకపు సేరా, కొలసేరా, కచ్చాయా, పక్కాయా యని నాలుగు ప్రశ్నలు వేయవలసినదే.

ధాన్యమునకు ఇంకొక చిక్కు గలదు. పాత్రపైన కుప్పగా నిలుచునట్లు కొలుచుట ఒక పద్ధతి, అంచునకు సమముగ దుడిచి కొలుచుట వేఱొక పద్ధతి. మొదటి కొలతను 'ఒకటి' యనక 'లాభము' అని శుభముగ పలికి, 'రెండు, మూడు' అని కళ్ళమున లెక్కించుచుండగా, ఆ లాభము ఎవరిదో కుప్ప యెత్తును బట్టి తెలియుచుండెను. ద్రవములయందు ఈ మాయ చెల్లదు. నీరు కుప్పగా నిలువదు, పల్లమెఱిగి సమమగును. ఒక పాత్ర నిజస్వరూపమును బయటపెట్టగల సాక్షి నీరే. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు మనకు పనికివచ్చును.

ఇట్టి గందరగోళమును తీర్చుటకు తొలి గట్టిప్రయత్నము మేయోప్రభువు రాజప్రతినిధిగా నున్నపుడు జరిగెను. 1871లో చేసిన చట్టమున సేరును ఫ్రెంచివారి కిలోగ్రాముతో సమానమని నిర్ణయించిరి. అట్టి సేరు తూకముగల నీరు పట్టు పాత్రయే కొలతకు మూలమనిరి. కిలోగ్రాము నీరు పట్టునది లీటరే గదా! అనగా ఆ చట్టము నడచియున్నచో మన తాతముత్తాతలు లీటరును 'సేరు' అను తమ సొంత పేరుతోనే పిలుచుకొనియుందురు. కాని 1872 ఫిబ్రవరిలో మేయో అండమానులలో హత్యచేయబడెను. చట్టము అమలునకు రాకయే కాగితమున నిద్రించెను. చిత్రమేమనగా, అదే కాలమున అదే యాలోచనతో చిన్నరైళ్ళ పట్టాల నడుమ దూరమును సరిగా ఒక మీటరుగ నిర్ణయించిరి. అట్టి మీటరు లైనే గుంతకల్లునుండి నంద్యాల మీదుగ కృష్ణాతీరమునకు పోయినది. ఆ లైను తరువాతి కాలమున వెడల్పు లైనుగ మాఱినది. ఈ విధముగ నంద్యాలకు లీటరు రాకముందు డెబ్బది యేండ్ల నాడే మీటరు రైలెక్కి వచ్చినది. దానిని ఎవ్వరును కొలతగ గుర్తింపలేదు.

1939లో చేసిన వేఱొక చట్టము తులమును 180 గ్రెయినులుగను, సేరును 80 తులములుగను, మణుగును 40 సేర్లుగను నిలుపజూచెను. అది తూకమునకే గాని ద్రవముల కొలతకు గాదు. స్వరాజ్యము వచ్చిన తరువాత 1956 డిసెంబరులో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము వచ్చెను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు 1నుండి కిలోగ్రాములు విడతలు విడతలుగ ప్రవేశించెను. 1962 నాటికి పాత తూనికలకు, కొలతలకు చట్టమున చోటు లేకపోయెను. కర్నూలు రాజధానిగానున్న ఆంధ్రరాష్ట్రము ఆంధ్రప్రదేశముగ మాఱిన కొద్ది దినములకే యీ మార్పు మొదలయ్యెనని గుర్తుంచుకొనవచ్చును.

ఆ కాలపు ఇబ్బందికి అణాయే సాక్షి. రూపాయికి పదునాఱణాలు, నూఱు నయాపైసలు. నాలుగణాలు సరిగా ఇరువదియైదు పైసలు. కాని ఒక్క యణా 6¼ పైసలు. పావుపైస నాణెము లేదు గనుక ఆఱే యిచ్చిరి. నాలుగుసార్లు అణా చొప్పున మార్చుకొన్నవానికి ఇరువదినాలుగే వచ్చెను; ఒక్కసారిగ మార్చుకొన్నవానికి ఇరువదియైదు వచ్చెను. గిద్దకును ఇదియే గతి. సోల పావులీటరని యెంచినచో గిద్ద 62½ మిల్లీలీటర్లు. అంకెలు సైతము అవియే! సగములతో పుట్టినదానిని పదులలోనికి దింపునపుడు చివర ఒక ముక్క మిగులును. ఆ ముక్క ఎవరి చేతిలో మిగులునో చూచుకొనుటయే గృహస్థుని జాగ్రత్త.

ఇక లీటరు స్వరూపము. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతుగల ఘనమే లీటరు. 1795లో ఫ్రాన్సుదేశమున చట్టముచే నిలిపిరి. భాస్కరుడు మూరఘనమును గైకొనినట్లే వారు పది సెంటీమీటర్ల ఘనమును గైకొనిరి. అందులో వేయవవంతు మిల్లీలీటరు. చల్లని మంచినీరు మిల్లీలీటరునకు దాదాపు ఒక గ్రాము తూగును. లీటరు నీరు ఒక కిలో. మన దేశపు చట్టము ముద్రవేయించు కొలపాత్రల వరుస 20, 50, 100, 200, 500 మిల్లీలీటర్లు, 1, 2, 5, 10, 20 లీటర్లు. ఈ వరుసలో పావులీటరు పాత్ర లేదని గమనింపుడు. పావు కావలెనన్నచో 200, 50 కలుపవలెను. పావులతో బ్రతికిన వంటయింటికి ఈ వరుస కొఱుకుడు పడకపోవుటలో వింత లేదు.

అట్లయిన లీటరును మన యింటి పాత్రలోనికి దింపు టెట్లు? మీ సోల యిన్ని మిల్లీలీటర్లని యే పుస్తకమును చెప్పజాలదు, నీరు చెప్పగలదు. కిరాణా అంగడిలోని త్రాసుపై ఖాళీ పాత్రను పెట్టి తూకము వ్రాసికొనుడు. అంచువఱకు నీరు నింపి మఱల తూచుడు. హెచ్చిన గ్రాములెన్నియో ఆ పాత్రకు అన్ని మిల్లీలీటర్లు. త్రాసు లేనిచో సీలువేసిన లీటరు నీళ్ళసీసా తెచ్చి, ఎన్ని సోలలగునో సమమైన చోట పోసి చూడుడు. దాని సగము, పావు మీకు సహజముగనే తెలియును.

ఉదాహరణము చెప్పెదను. ఒక యింటి సోల 240 మిల్లీలీటర్లని తేలినదనుకొందము. అపుడు గిద్ద 60, అరగిద్ద 30, తవ్వ 480, మానిక 960. పాయసమునకు పాలు 750 మిల్లీలీటర్లని పుస్తకమున నున్నది. మూడు సోలలు 720. మిగిలిన 30 అరగిద్ద. కావున మూడు సోలల అరగిద్ద. నూనె 100 మిల్లీలీటర్లని యున్నచో గిద్దన్నర 90. మిగిలిన 10 రెండు చిన్నచెంచాలు. సరియైన చిన్నచెంచా 5 మిల్లీలీటర్లు, పెద్దచెంచా 15. అంకెను సోల పరిమాణముతో భాగించుట, శేషమును గిద్దలతో భాగించుట, ఆ పై శేషమును చెంచాలలో చెప్పుట: ఇంతే లెక్క. అణాపైసలు చెప్పినవారికి ఇది పిల్లల యాట.

పరదేశములలోను ఈ తంటా తప్పలేదు. అమెరికావారి కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియావారి కప్పు 250. వారి పెద్దచెంచా 15 గాక 20. జపానువారి వంటకప్పు 200. అన్నము వండు విద్యుత్పాత్రతో వచ్చు కప్పు 180. మన పిల్లలు ఆ దేశములకు పోయి, ఒక దేశపు పుస్తకమును వేఱొక దేశపు కప్పుతో చదివి, పిండి జాఱయినదని యింటికి ఫోను చేయుటలో తప్పు వారిది గాదు, కప్పుది. 'గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీళ్ళు' అను మన తల్లుల మాటకు మాత్రము ఏ దేశమునను మార్పిడి యక్కఱలేదు. గ్లాసు ఏదైనను, రెంటికిని అదే గ్లాసు వాడినంత కాలము వంతు తప్పదు. వంతు చెప్పినచోట పాత్ర యడుగ బనిలేదు. పరిమాణము చెప్పినచోట అడుగక తప్పదు.

ఇంకొక పొరపాటును హెచ్చరింపవలెను. లీటరు వేఱు, కిలో వేఱు. నీటికి మాత్రమే రెండును ఒక్కటి. వంటనూనె లీటరు సుమారు 910 గ్రాములే. పొట్లముపై చూడుడు, రెండును వ్రాసియుందురు. పాలు లీటరు సుమారు 1030 గ్రాములు. తేనె లీటరు సుమారు 1400 గ్రాములు. నూనె కిలో ధరను లీటరు ధరతో పోల్చి చౌకయని మురియువాడు తొంబది గ్రాములు మఱచినవాడగును.

వంటలో కొలత తప్పినచో కూర చెడును. అంతకంటె పోవున దేమియు లేదు. కాని కొలత తప్పినచో ప్రాణము పోవుచోట్లు కలవు. చిన్నపిల్లలకు విరేచనములు పట్టినపుడు ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగింతురు. 1971లో బంగ్లాదేశమునుండి వచ్చిన శరణార్థుల బొంగావ్ శిబిరమున కలరా చెలరేగెను. అచట వైద్యుడు దిలీప్ మహలనబీస్, సూదులతో నెక్కించు మందు చాలక, కొలత ప్రకారము ఉప్పులు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. నూటికి ముప్పదిమంది చనిపోవుచుండిన చోట మరణములు నూటికి నలుగురిలోపునకు దిగినవి. ఆ మహిమ నీటిది, ఉప్పుది మాత్రమే గాదు, కొలతది. ఇంట చేయునపుడు కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచాలు తలసమముగ నుండవలెను. మందుల దుకాణపు పొట్లమైనచో లీటరునకు కలుపునది వేఱు, 200 మిల్లీలీటర్లకు కలుపు చిన్నది వేఱు. లీటరు పొట్లమును గ్లాసు నీటిలో కలిపినచో ఉప్పు అయిదింతలగును. అది పసివానికి ఔషధము గాక అపాయము. పొట్లముపై వ్రాసిన యంకె చదివి, ఆ యంకెకు మీ యింటి చెంబు ఎంతవఱకు నిండవలెనో ముందే గుర్తుపెట్టుకొనుడు.

పిల్లల మందులును ఇట్టివే. చెంచాడు మందని చీటీలో నున్నచో వంటయింటి చెంచాతో పోయరాదు. ఆ చెంచాలు ఒకదానితో నొకటి పోలవు. మందుసీసాతో వచ్చిన గీతల మూతను వాడుడు. ఉగ్గుగిన్నె ఉగ్గునకే. పొలములో పిచికారి చేయునపుడు లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లని వ్రాసియున్నచో, పదునైదు లీటర్ల ట్యాంకునకు ముప్పది మిల్లీలీటర్లు. మూతతో ఉజ్జాయింపుగ పోసినచో తక్కువైన పురుగు చావదు, ఎక్కువైన పైరును, పిచికారి పట్టినవాని యొడలును చెడును. ఆ పనికి వాడిన కొలపాత్రను మఱల వంటయింటికి రానీయకుడు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా యయ్యెను. సరిహద్దులు మాఱినను నంద్యాల లీటరు, ఆళ్ళగడ్డ లీటరు, కోయిలకుంట్ల లీటరు ఒక్కటియే. పాత కాలమున రాజు మాఱిన పాత్ర మాఱెడిది. నేడు జిల్లా మాఱినను పాత్ర మాఱలేదు. సంతలో ధనవంతునికిని నిరుపేదకును ఒక్క గీతవఱకే పాలు పోయబడుట చిన్న ధర్మము గాదు. అట్లని గిద్దను, సోలను పారవేయుమని నేను చెప్పను. అవి మన చేతికి, మన నాలుకకు సరిపడిన కొలతలు. క్రొత్త పాత్ర కొన్నపుడు దానిపై పేరు చెక్కించుకొనుట మన యిండ్లలో ఆచారము. ఆ పేరు ప్రక్కన ఇన్ని మిల్లీలీటర్లని ఒక యంకెను గూడ చెక్కింపుడు. పాత యిత్తడి సోలలున్నవారు నీటితో సరిచూచి వానిపైనను చెక్కింపుడు. ఆ యంకె చదువగల మనుమరాలికి, అంగడి లీటరునకు, మీ తల్లిగారి సోలకు నడుమ ఇక దుబాసి యక్కఱలేదు.